రచనలు చేయు సోదరీమణులకు

ఈ నాలుగైదు మాసములుగా మాకు చేరుచున్న జాబులలో సగమునకు పైగా ఒక్క విషయమును గూర్చినవే. "కథ యొకటి వ్రాసితిమి, ఎవరికి పంపవలయును?" అని కొందఱును, "పంపి ఆఱుమాసములైనది, ఉలుకును లేదు, పలుకును లేదు" అని కొందఱును, "అచ్చయినది గాని చదివినవారు కానరారు, మాకు మేమే చెప్పుకొన్నచో ఆత్మస్తుతి యగునేమో" అని మఱికొందఱును వ్రాయుచున్నారు. వేఱువేఱుగా ప్రత్యుత్తరములిచ్చుటకంటె అందఱకును పనికివచ్చునట్లు ఈ మాసమున ఆ సంగతినే ముచ్చటింప నెంచితిమి.

ఆ జాబులలో ఒకటి మా మనస్సును మిక్కిలి కలచినది. పేరు ప్రకటింపవలదని కోరిన యొక సోదరి తన మేనత్తను గూర్చి వ్రాసినది. ఆమె ముప్పదియేండ్లు పనిపాటలు తీఱిన పిదప దీపమునొద్ద కూర్చుండి కథలును పాటలును వ్రాసి పెట్టెలో దాచెనట. ఆమె పోయిన మాసమునకే యిల్లు సర్దుచు ఆ నోటుపుస్తకములను పాతకాగితములవానికి తూచి యిచ్చిరట. ఎవ్వరును ద్వేషముతో చేసిన పని కాదు. అందేమున్నదో ఇంటిలో నెవ్వరికిని తెలియదు. తెలియునట్లు ఆమెయు నెన్నడును చెప్పలేదు. "మా అత్తయ్య వ్రాసినది మంచిదో కాదో కూడ ఇక మాకు తెలియదు" అని ఆ సోదరి వ్రాసినది.

మనలో పెక్కండ్రు కాగితముపై కలము పెట్టి ముగించుటతోనే రచన పూర్తియైన దనుకొందురు. వంట ముగించి మూతపెట్టి యుంచి, ఎవ్వరును భుజింపలేదని చింతించు ఇల్లాలు మనకెచ్చటను కానరాదు; రచన విషయమున మాత్రము మన మట్లే చేయుచున్నాము. వ్రాసినదానిని దిద్దవలయును, తగినచోటికి పంపవలయును, తన పేరును హక్కును కాపాడుకొనవలయును, అచ్చయినదానిని పదిమందికి అందించి భద్రపఱుపవలయును. పత్రికాకార్యాలయములలో ఉద్యోగము చేయువారికి ఈ పనులలో కొన్ని ఇతరులు చేసిపెట్టుదురు. ఇంటినుండియే తీఱికవేళల స్వతంత్రముగా వ్రాయువారికి మాత్రము అన్నియు తామే చేసికొనవలసి యుండును. కనుక ఒక్కొక్కదానిని వరుసగా చెప్పుదుము.

మొదట వస్తువును గూర్చి. "ఇల్లు కదలనివారము, మాకేమి తెలియును?" అని సందేహించువారు కనుపర్తి వరలక్ష్మమ్మగారిని తలచుకొనవలయును. 1896లో బాపట్లలో జన్మించిన యామె గృహలక్ష్మి పత్రికలో 'శారద లేఖలు' అను శీర్షికతో కొన్ని సంవత్సరములు వ్రాసిరి. ఒక స్త్రీ తన స్నేహితురాలికి వ్రాయు జాబుల రూపమున నాటి సంఘవిషయముల నెన్నిటినో చర్చించిరి. జాబు వ్రాయుట చదువు నేర్చిన ప్రతి యింటి స్త్రీకిని తెలిసిన పనియే. అందఱకును తెలిసిన యా రూపములో, తెలిసికొనవలసిన విషయములను పెట్టుటయే ఆమె నేర్పు. గృహలక్ష్మి వారు స్త్రీల కొసగిన స్వర్ణకంకణమును 1934లో మొట్టమొదట ధరించిన రచయిత్రి ఆమెయే. అటుతరువాత 1952 మొదలు మాలతీచందూరుగారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనము' అను శీర్షికను దశాబ్దములపాటు నడపిరి. పాఠకురాండ్రు అడిగిన ప్రశ్నలకు ఉత్తరములిచ్చుటయే అందలి ముఖ్యమైన పని. ఈ యిరువురును తమకు సంగతి యెంత తెలియునో అంతయు స్పష్టముగా వ్రాసిరి. తెలియనిది తెలిసికొని వ్రాసిరి.

స్పష్టత యనగా నేమో చిన్న ఉదాహరణముతో చెప్పుదుము. ఊరగాయను గూర్చి వ్రాయుచు "తగినంత ఉప్పు, తగినంత కారము వేయవలయును" అన్నచో క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్లకు దానివలన ప్రయోజన మేమి? సోలెడు ముక్కలకు ఉప్పెంత, ఆవపిండి యెంత, నూనె యెన్నవ దినమున తిరుగబోయవలయును, తడి తగిలిన నేమగును అని చెప్పినదే వ్యాసము. కథయందును ఇంతే. "వారు మిక్కిలి బీదవారు" అని వ్రాయుటకంటె, పండుగనాడు ఆ యింట పొయ్యిమీద ఏమున్నదో చెప్పినచో చదువరికి బీదతనము తానే తెలియును. ఇందుకై వంటింట ఒక చిన్న పుస్తకమును పెన్సిలును ఉంచుకొనుడు. విన్న మంచి మాట, చూచిన విశేషము, పెద్దలు వాడిన పాతపదము అప్పటికప్పుడు గుఱుతు వేసికొనినచో, వ్రాయ గూర్చున్ననాడు మాటలకు కఱవుండదు.

ఇక దిద్దుటను గూర్చి. వ్రాసిన వెంటనే పంపకుడు. పది దినములు ప్రక్కన పెట్టి, తరువాత బిగ్గరగా చదువుడు. కన్ను క్షమించినదానిని చెవి క్షమింపదు. చదువునప్పుడు ఊపిరి చాలని వాక్యమును రెండుగా విఱువుడు. ఒకే పదము మూడుమాఱులు వినబడినచో రెంటిని తీసివేయుడు. నాలుక తడబడినచోట భావము కూడ తడబడి యుండును.

మనవంటివారి రచనలలో తఱచుగా కనబడు దోషము ఉపోద్ఘాతము. పురాణకావ్యములు చదివి పెరిగినవారికి వర్ణనపై మక్కువ హెచ్చు. అది తప్పు కాదు. కాని కథ యెచ్చట మొదలగునో అచ్చటనే మొదలుపెట్టవలయును. ఈ వాక్యమును చూడుడు: "అరుణకిరణములచే దిక్కులెల్ల రంజిల్లుచుండ, పక్షుల కలకలారావములు వీనులకు విందు సేయుచుండ, సీతమ్మ మెల్లగా నిద్ర మేల్కొనెను." ఇందు సీతమ్మను గూర్చి తెలిసినది ఆమె నిద్ర లేచుట మాత్రమే. దీనినే యిట్లు మార్చి చూడుడు: "తెల్లవాఱకమున్నే సీతమ్మ లేచి వాకిట నిలిచెను. పాలవాడు వచ్చు వేళ. వానికి చెల్లింపవలసిన డబ్బు ఆనా డామెయొద్ద లేదు." అంతలోనే చదువరికి ఆమె వాకిటిలో నిలిచినట్లుండును, తరువాత నేమగునో తెలిసికొన వేడుక కలుగును. మీరు వ్రాసిన మొదటి పేరాను చేతితో మూసి, రెండవ పేరానుండి చదువుడు. కొఱత యేమియు తోపనిచో మొదటిది కొట్టివేయుడు. పదింట ఆఱేడు మాఱులు అది పోయినను నష్ట ముండదు.

భాషావిషయమున మా సలహా యొక్కటే. గ్రాంథికమున వ్రాసినను వ్యావహారికమున వ్రాసినను చివరివఱకు ఒక్కదానినే పట్టుకొనుడు. కథనము గ్రాంథికమున నడచినను పాత్రల సంభాషణ వారివారి నోటిమాటలోనే యుండవచ్చును; కాని ఒకే వాక్యమున రెండును కలిసినచో చదువరికి పలుకుఱాయి తగిలినట్లుండును. ల ళలు, న ణలు, శ ష సలు, ఒత్తులు సరిచూచుకొనుడు. నిఘంటువు దగ్గఱ నుంచుకొనుట అవసరము. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది; నేటికిని సందేహములు తీర్చుచున్నది.

పిదప ఒకరిచేత చదివింపుడు. మిమ్ములను మెచ్చుకొనుటకే సిద్ధముగా నున్నవారిని కాక, తోచినది తోచినట్లు చెప్పువారిని ఎంచుకొనుడు. వారు "ఇట్లు మార్చుము" అని చెప్పినదంతయు చేయ నక్కఱలేదు. వారెచ్చట ఆగిరో, ఎచ్చట వెనుకకు తిరిగి మరల చదివిరో, ఎచ్చట పుటలు త్రిప్పిరో గమనించినచో చాలును. దోష మచ్చటనే యుండును. దానిని తీర్చు విధము మీరు యోచించుకొనవలసినది.

ఇక పంపుటను గూర్చి. ఒక పత్రికకు పంపదలచినచో ముందుగా దాని సంచికలు మూడు నాలుగైనను చదువుడు. అందు కథ లెంత నిడివి గలవి, వ్యాసములెట్టివి, ఇదివఱకు వచ్చిన విషయములేవి అని చూడుడు. ఆఱు పుటల కథలు వేయు పత్రికకు ముప్పది పుటల కథ పంపినచో, అదెంత మంచిదైనను వారికి చోటుండదు. పదముల లెక్క తెలియుటకు సులభమైన యుపాయ మున్నది. పది పంక్తులలోని పదములను లెక్కించి పదిచే భాగించినచో పంక్తికి సగటు తెలియును. దానిని పుటకు గల పంక్తులతోను, పుటల సంఖ్యతోను హెచ్చవేయుడు. సంక్రాంతి, ఉగాది, దీపావళి ప్రత్యేకసంచికలకు పంపువారు పండుగకు రెండు మూడు నెలలకు ముందే పంపవలయును. పండుగ వారమున చేరిన పండుగకథ మఱుసటి యేటికిగాని పనికిరాదు.

చేతితో వ్రాసి పంపువారు కాగితమునకు ఒకవైపుననే వ్రాసి, ఎడమప్రక్క చోటు వదలి, పుటల సంఖ్యలు వేయవలయును. పేరు, చిరునామా మొదటి పుటపై నుండవలయును. పైన వేఱుగా జాబులో మాత్రమే యున్నచో అది జాఱిపోయిన పిమ్మట ఆ కథ యెవరిదో తెలియదు. కంప్యూటరుపై వ్రాసి ఈమెయిలులో పంపువారు యూనికోడు అక్షరములలో పంపుట మేలు. ఇతర అక్షరములలో పంపినవి అవతలివారి కంప్యూటరులో చదువ వీలులేని గుఱుతులుగా మాఱిపోవచ్చును. పంపిన ప్రతిదానికిని ఒక నకలు మీయొద్ద తప్పక యుండవలెను.

తెలుగుపత్రికలు సాధారణముగా హామీపత్రమును కోరును. సంపాదకులకు వ్రాయు జాబు పొడవుగా నుండ నక్కఱలేదు. ఈ మాత్రము చాలును: "సంపాదకులవారికి నమస్కారములు. దీనితో ఫలాన పేరుగల కథను పంపుచున్నాను. ఇది సుమారు 1,200 పదములు. ఇది నా స్వంతరచన. దేనికిని అనువాదము గాని అనుకరణము గాని కాదు. ఇదివఱకెచ్చటను ప్రకటింపబడలేదు, మఱియొక పత్రిక పరిశీలనలో లేదు. స్వీకరింతురో లేదో తెలియజేయ గోరెదను." తన బీదతనమును గాని, తన అనారోగ్యమును గాని, మేనమామగారి హోదాను గాని ఆ జాబున చేర్పవలదు. ఇంకొకమాట. అచ్చునకు పంపదలచిన రచనను ముందే సెల్ ఫోనులలోని బృందములకు పంపకుడు. అట్లు బయటపడినదానిని ప్రకటితమైనదిగా భావించు పత్రికలు కలవు. పరభాషాకథను అనువదింప గోరువారు మూలరచయిత అనుమతిని గాని, హక్కుదారుల అనుమతిని గాని ముందుగా పొందవలయును.

పంపినదానికి లెక్క వ్రాసికొనుడు. చాకలిపద్దు వ్రాయు మనకు ఇది క్రొత్త కాదు. ఒక నోటుపుస్తకమున గడులు గీసి, రచన పేరు, పంపిన తేది, పంపిన పత్రిక, వచ్చిన జవాబు, అచ్చయిన సంచిక, అందిన పారితోషికము వ్రాయుడు. మూడు మాసములు చూచి, మర్యాదగా నొక జాబు వ్రాసి యడుగుడు. పిమ్మటను జవాబు రానిచో, ఆ రచనను ఉపసంహరించుకొంటినని తెలిపి వేఱొకచోటికి పంపుడు. తిరిగి వచ్చినదానిని చూచి రెండు దినములు మనస్సు చిన్నబోవుట సహజమే. కారణము చెప్పి త్రిప్పి పంపినచో ఆ కారణమును యోచింపుడు. కారణము చెప్పనిచో మీ రచన చెడ్డదని యర్థము కాదు. ఆ నెల అట్టి కథ వారియొద్ద మఱియొకటి యుండవచ్చును.

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి, పేరును హక్కును గూర్చి. తన పేరు బయటపడుట కిష్టములేక భర్తపేరుతోనో, ఏదో యొక మాఱుపేరుతోనో పంపు సోదరీమణులు నేటికిని కలరు. మాఱుపేరు పెట్టుకొనుట తప్పు కాదు. 1960, 1970 ప్రాంతముల స్త్రీల నవలలకు గిరాకి హెచ్చినప్పుడు కొందఱు పురుషులే స్త్రీల పేర్లు పెట్టుకొని వ్రాసిరి! కాని ఆ పేరు మీదేయని నిరూపించు జాబులు మీయొద్ద నుండవలయును. పేరు ఏదైనను ఎల్లప్పుడు ఒక్కతీరుననే వ్రాయవలయును. ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట లేకుండ, ఒకచోట పొడియక్షరములతో వ్రాసినచో ముగ్గురు రచయిత్రులు వ్రాసినట్లుండును. మీ పాఠకురాండ్రు మిమ్ము వెదకి పట్టుకొనలేరు.

పేరు పోవుట యెట్లుండునో ఒక పాతకథ చెప్పును. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరులో ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించినది. పీఠికలో తన అవ్వను, మేనత్తను గూర్చి, వారి విద్యను గూర్చి చెప్పుకొనినది. పందొమ్మిదవ శతాబ్దమున ఆ గ్రంథమును అచ్చువేసినవారు కొన్ని పద్యములతోపాటు ఆ పీఠికను కూడ తొలగించిరి. వ్రాతప్రతిని సంపాదించి, అంతయు మరల చేర్చి 1910లో అచ్చువేయించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. దానిని నాటి ప్రభుత్వము నిషేధించినది. 1947లోగాని ఆ నిషేధము తొలగలేదు. ఆ కావ్యము మన కెంత రుచించునన్నది వేఱు సంగతి. ఒక స్త్రీ తనకు విద్యనిచ్చిన స్త్రీలను పేర్కొన్న పుటలను వేఱొకరు చింపివేయగలిగిరే యన్నది మాత్రము వ్రాయు ప్రతి స్త్రీయు తెలియదగినది.

నేడు మనకు చట్టము తోడున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, స్వతంత్రముగా వ్రాయువారి రచనకు మొదటి హక్కుదారు ఆ రచన చేసినవారే. హక్కు కలుగుటకు రిజిస్టరీ చేయింప నక్కఱలేదు. ఆ హక్కు రచయిత్రి జీవితకాలమును, ఆమె మరణించిన మఱుసటి సంవత్సరాది మొదలు 60 ఏండ్లును ఉండును. అనగా బిడ్డలకును మనుమలకును చెందును. హక్కును ఇతరులకు బదలాయించుట వ్రాతమూలకముగా, సంతకముతో జరిగిననే చెల్లును. ఎంతకాలమునకో అందు వ్రాయనిచో 5 ఏండ్లకే యనియు, ఏ ప్రాంతమునకో వ్రాయనిచో భారతదేశమునకే యనియు చట్టము చెప్పుచున్నది. హక్కు లన్నియు బదలాయించినను, ఇది నేను వ్రాసినది యని చెప్పుకొను హక్కు రచయిత్రికే నిలుచును. కనుక "సర్వహక్కులును మావే" అను కాగితము వచ్చినప్పుడు మొగమాటముతో సంతకము చేయకుడు. ఒక్కమాఱు ప్రచురించుకొనుటకు మాత్రమే అనుమతి యని వ్రాసి యియ్యవచ్చును. ఇంటి స్థలపు కాగితములను చదువక సంతకము చేయుదుమా?

పారితోషికమును గూర్చి అడుగుటకు సిగ్గుపడు వారున్నారు. ఇచ్చు పత్రికలు కలవు, ఇయ్యలేని చిన్నపత్రికలు కలవు. ఇయ్యలేనివారికి ఇష్టపడి వ్రాయుట దానము. అడుగక ఊరకుండి లోలోపల నొచ్చుకొనుట దానము కాదు. ముందుగానే మర్యాదగా అడిగి తెలిసికొనుడు. డబ్బు మీ పేర బ్యాంకిలో నున్న లెక్కకే చేరునట్లు చూచుకొనుడు. అది చిన్నమొత్తమైనను, మీ పనికి వచ్చిన డబ్బు మీ చేతికి రావలయును. దానితో మఱి రెండు పుస్తకములు కొనుక్కొన్నను తప్పులేదు.

మఱియొక హెచ్చరిక. "మీ కథను సంకలనమున వేయుదుము, ఇంత సొమ్ము పంపుడు; బిరుదమును శాలువయు నిత్తుము, ఇంత రుసుము కట్టుడు" అని జాబులు వచ్చుచుండును. నిజమైన పత్రిక రచయిత్రికి డబ్బిచ్చునుగాని ఆమెనుండి పుచ్చుకొనదు. కొనుక్కొన్న బిరుదము వలన పాఠకురాలొక్కతెయు పెరుగదు.

ఇక పదిమందికి తెలుపుటను గూర్చి. "ఆత్మస్తుతి" అని వెనుదీయు సోదరీమణులకు మా మనవి యిది. "నేను గొప్పగా వ్రాసితిని" అనుట ఆత్మస్తుతి; "ఈ విషయమును గూర్చి ఈ సంచికలో వ్రాసితిని, మీకు పనికివచ్చునేమో చూడుడు" అనుట సమాచారము. చంటిబిడ్డల దగ్గును గూర్చి వ్రాసినచో చంటిబిడ్డలున్న యిండ్లకు చెప్పుడు. అందఱకును చెప్ప నక్కఱలేదు. మహిళామండలిలో ఒక కథ చదువుడు. మీ యూరి గ్రంథాలయమునకు ఆ సంచికను ఇయ్యుడు. ఇతర రచయిత్రుల రచన నచ్చినప్పుడు సంపాదకులకు నాలుగు పంక్తుల జాబు వ్రాయుడు. అందువలన ఆమెకు ధైర్యమును కలుగును, మీ పేరును పాఠకుల కెఱుకపడును. మీ ప్రాంతపు ఆకాశవాణి కేంద్రము స్త్రీల కార్యక్రమములకు ప్రసంగములు స్వీకరించుచున్నదేమో విచారింపుడు. అందుకు వ్రాయునప్పుడు గడియారము ముందుంచుకొని, నెమ్మదిగా చదివి కాలము సరిచూచుకొనవలయును.

పుస్తకము వేయింప తొందరపడవలదు. పత్రికలలో పది పదునైదు రచనలు వచ్చి, పాఠకుల మాట తెలిసిన పిదప వేయించుట మేలు. పుస్తకము సాధారణముగా పదునాఱు పుటల ఫారముల లెక్కన అచ్చగును. పదునేడవ పుటకై మఱియొక ఫారము పెంచుకొనక, ముందే పుటల సంఖ్య చూచుకొనుడు. ప్రూఫులు వచ్చినప్పుడు ఒకరు మూలమును బిగ్గరగా చదువగా మఱియొకరు అచ్చును చూడవలయును. మఱి శీర్షికలను, పేర్లను, అంకెలను వేఱుగా నింకొకమాఱు చూడుడు. తప్పులు దాగునది అచ్చటనే. స్వయముగా వేయించువారికి ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను న్యూఢిల్లీలోని రాజా రామమోహనరాయ్ జాతీయ సంస్థ ఉచితముగా నిచ్చును. దానికై ఎవ్వరికిని సొమ్ము చెల్లింపవలదు. ఆవిష్కరణసభకు, పూలదండలకు చేయు వ్యయమును తగ్గించి, ఆ సొమ్ముతో ప్రతులను గ్రంథాలయములకును సమీక్షకులకును పంపుడు. డిసెంబరు ప్రాంతమున హైదరాబాదునను, జనవరిలో విజయవాడయందును పుస్తకప్రదర్శనలు జరుగుచుండును. ఏ విక్రేత మీ పుస్తకము నుంచుకొనునో, ఎంత కమీషను కోరునో ముందే మాటాడి వ్రాయించుకొనుడు.

తుదిగా భద్రపఱచుట. భండారు అచ్చమాంబగారు 1874 మొదలు 1905 వఱకు మాత్రమే జీవించిరి. సోదరుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి చెంత చదువు నేర్చి, అబలాసచ్చరిత్ర రత్నమాలను రచించిరి. ఆమె వ్రాసిన 'ధనత్రయోదశి' అను కథ 1902లో హిందూసుందరి పత్రికలో వెలువడినది. అయినను 1910లో వచ్చిన గురజాడవారి 'దిద్దుబాటు'నే మొదటి తెలుగుకథ యని లోకము చాలకాలము చెప్పుకొనినది. పాతసంచికలను వెదకినవారు అచ్చమాంబగారి కథను తరువాత వెలికితీసిరి. ఏది మొదటిదన్న వాదము నేటికిని సాగుచునే యున్నది. ఆ వాదమును తీర్చుట మా పని కాదు. ఆ పాతసంచిక యెచ్చటనో చిరుగక నిలిచియుండనిచో ఆ వాదమునకే తావుండెడిది కాదు. అచ్చయిన కథకే యింత మఱపు పట్టినప్పుడు, పెట్టెలోని వ్రాతప్రతి సంగతి చెప్పవలయునా?

కనుక అచ్చయిన ప్రతి రచనకును మూడు ప్రతులు దాచుడు: ఒకటి మీ యింట, ఒకటి వేఱొక యింట, ఒకటి గ్రంథాలయమున. పుటపై పత్రిక పేరు, సంచిక నెల, సంవత్సరము వ్రాయుడు. తేది లేని కత్తిరింపు పరిశోధకులకు పనికిరాదు. శ్రీకాకుళమున కాళీపట్నము రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయము తెలుగుకథలను సేకరించి కాపాడుచున్నది. మీ కథలచ్చటికి చేరునట్లు చూడుడు. పుస్తకము ప్రచురించువారు ఒక్కొక్క ప్రతిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, చెన్నపట్టణము, ముంబాయి, ఢిల్లీలలోని మఱి మూడు గ్రంథాలయములకును 30 దినములలో పంపవలయునని 1954 నాటి చట్టము శాసించుచున్నది. దానిని భారముగా తలపవలదు. మన యిండ్లలో చెదలు పట్టినను, అచ్చట మన పేరుతో నొక ప్రతి యుండును. మఱియు మీ నోటుపుస్తకము లెచ్చటనున్నవో, అందేమున్నదో ఇంటిలో నొకరికైనను చెప్పియుంచుడు. కూతురికో కోడలికో ఒకనాటి సాయంకాలము చదివి వినిపింపుడు. నగ లెచ్చటనున్నవో చెప్పుదుముగదా!

ఇన్ని చెప్పినంతమాత్రమున అన్నియు ఒక్కనెలలో చేయవలయునని మా యుద్దేశము కాదు. ఈ మాసమున పెట్టెలోనుండి ఒక్క రచనను తీసి బిగ్గరగా చదివి, మొదటి పేరా సంగతి చూడుడు; లెక్కపుస్తకమున గడులు గీయుడు. వచ్చు మాసమున పిల్లలకై కథలు వ్రాయు విధమును గూర్చి ముచ్చటింతుము. అందును గూర్చి సందేహములున్న సోదరీమణులు సంచిక వెలువడిన పదిదినములలోపల మాకు వ్రాయవలయును. చిరునామాతోపాటు తమ పేరు కూడ పూర్తిగా, స్పష్టముగా వ్రాయ గోరుచున్నాము.